ఎస్పీ రోడ్డులో హెడ్జ్ ట్రిమ్మర్ రిపేరుకు ఇచ్చేవాళ్లకు హెచ్చరిక

బెంగళూరులో పవర్ టూల్స్ రిపేరుకు ఇచ్చే తెలుగువాళ్లందరూ దయచేసి ఇది చదవండి. ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు, వరస తప్పితే ఏమీ అనుకోకండి.

మా లేఅవుట్ పార్కు చుట్టూ డ్యురాంటా మొక్కల కంచె ఉంది. దాన్ని కత్తిరించడానికి అందరం తలా కొంత వేసుకుని కరెంటుతో నడిచే హెడ్జ్ ట్రిమ్మర్ కొన్నాం. అది ఉన్నట్టుండి పట్టేసింది. స్విచ్ నొక్కితే మోటారు మూలుగుతుంది, బ్లేడు మాత్రం కదలదు. ఎస్పీ రోడ్డులో ఒక షాపులో ఇచ్చాం. పేరు రాయను. ఆ సందుల్లో తిరిగేవాళ్లకు ఇలాంటి షాపులు తెలిసే ఉంటాయి. తెలుగు వినగానే "మనోళ్లే కదన్నా, నేను చూసుకుంటా" అని చేతిలోంచి మిషన్ తీసుకున్నాడు.

తర్వాత ఫోన్: ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే, రాగి తీగ చుట్టిన భాగం) కాలిపోయింది, 2,600 అవుతుంది. సరేనన్నాం. బిల్లు అడిగితే జీఎస్టీ 18 శాతం వేరే కట్టాలన్నాడు. బిల్లు లేకుండానే యూపీఐలో డబ్బులు పంపాక, పాత ఆర్మేచర్ ఇవ్వమంటే టేబుల్ కింద నుంచి ఒకటి తీసి పేపర్లో చుట్టి ఇచ్చాడు. షాపులో మిషన్ బాగానే తిరిగింది. ఇంటికి తెచ్చి కంచె మీద పెడితే ఒక పక్క కూడా పూర్తవలేదు, మళ్లీ పట్టేసింది.

ప్లగ్గు పీకేసి, మందపాటి గ్లవ్స్ వేసుకుని గేర్‌బాక్స్ మూత నేనే విప్పాను. బ్లేడ్లు గేర్‌బాక్స్‌లోకి వెళ్లే చోట రెండింటి మధ్య బైండింగ్ వైరు ముక్క మెలిపడి ఇరుక్కుని ఉంది. వేలెడంత కూడా లేదు. ఎప్పుడో కంచెకు వెదురు కర్రలు కట్టిన వైరు అది. దాని చుట్టూ ఆకు పసరు ఎండిపోయి నల్లగా గట్టిపడింది. మోటారు గేరును తిప్పితే ఆ గేరు రెండు బ్లేడ్లనూ ఎదురెదురుగా ముందుకీ వెనక్కీ ఆడిస్తుంది. మధ్యలో వైరు ఉన్నంతకాలం ఎన్ని ఆర్మేచర్లు మార్చినా బ్లేడు మళ్లీ మళ్లీ పట్టేస్తుంది.

మోటారు వైపు స్క్రూలు చూడగానే నాకు ఒళ్లు మండింది. ఆ గుంతల్లో మట్టి, ఆకుల పొట్టు గడ్డకట్టి అలాగే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ తగిలిన గీత కూడా లేదు. మోటారు విప్పకుండా ఆర్మేచర్ ఎలా మారుతుంది? పేపర్లో చుట్టి ఇచ్చిన ఆర్మేచర్ తీసి గేరు పక్కన పెట్టాను. మా గేరు పళ్లు ఏటవాలుగా ఉన్నాయి. ఆయన ఇచ్చిన ఆర్మేచర్ కొసన, గేరుకు ఆనే పళ్లు నిలువుగా, తిన్నగా ఉన్నాయి. ఆ రెండూ ఒకదాంట్లో ఒకటి ఎక్కనే ఎక్కవు. అది మా మిషన్‌ది కానే కాదు.

గేరు, ఆర్మేచర్ రెండూ పట్టుకుని షాపుకు వెళ్లాం. నాతో మా పార్కు పని చూసే పెద్దాయన కూడా వచ్చాడు. కదిరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ట్రిమ్మర్‌ను పని అయ్యాక గుడ్డతో తుడిచి, వైరు చుట్టి, తాళం వేసి పెడతాడు. నేను గేరు చూపించి అడిగితే షాపాయన దాని వైపు చూడనైనా చూడలేదు. పెద్దాయన వైపు తిరిగి, "ఏమయ్యా, మేం వేసిన కొత్త ఆర్మేచర్ ఎక్కడ అమ్ముకున్నావు? మీ సార్ ముందర చెప్పు" అన్నాడు. షాపు నిండా జనం. అందరూ ఆయన వైపే చూశారు. పెద్దాయన మొహం మాడిపోయింది. "నేనట్లాంటోణ్ణి కాదు సార్" అని షాపాయనతో కాదు, నాతో అన్నాడు. ఆ మాట నన్ను నిలవనివ్వడం లేదు.

2,600 పోయాయన్న బాధ వేరు. తన మోసం కప్పిపుచ్చుకోవడానికి, తిరిగి గట్టిగా మాట్లాడలేని మనిషి మీద దొంగతనం వేశాడు. మనోళ్లే అన్న నోటితోనే అన్నాడు. డబ్బు తిరిగివ్వమన్నాను, పెద్దాయనకు క్షమాపణ చెప్పమన్నాను. "దిక్కున్న చోట చెప్పుకో" అన్నాడు.

చెప్పుకుంటాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువుకైనా సేవకైనా బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. మేం డబ్బు పంపిన యూపీఐ రికార్డు ఉంది, స్క్రూల ఫోటోలు ఉన్నాయి, ఆయన అంటగట్టిన ఆర్మేచర్ కూడా నా దగ్గరే ఉంది.

ట్రిమ్మర్ ఇప్పుడు బాగానే నడుస్తోంది. నోస్ ప్లయర్‌తో వైరు లాగేశాను. కిరోసిన్ గుడ్డతో పసరు తుడిచి, గేరుకు కొత్త గ్రీజు పెట్టి, బ్లేడ్ల మీద నాలుగు చుక్కల నూనె వేశాను. బ్లేడు బోల్టులు పూర్తిగా బిగించి, పావు చుట్టు వదులు చేసి లాక్ నట్ వేశాను. అంతే.

మీ మిషన్ కూడా ఇలాగే పట్టేస్తే స్విచ్ నొక్కి పట్టుకోకండి. అలా చేస్తే ఆర్మేచర్ నిజంగానే కాలుతుంది. కాలితే ఘాటైన వాసన వస్తుంది, కార్బన్ బ్రష్‌లు ఆనే రాగి భాగం నల్లబడుతుంది. ఈ రెండూ మీరే చూసుకోకుండా ఆర్మేచర్ మార్పించకండి. ప్లగ్గు పీకి ముందు బ్లేడ్ల మధ్య వెతకండి. షాపులో ఇవ్వక తప్పకపోతే స్క్రూలన్నిటికీ ఫోటో తీసుకుని, మోటారు మీ ఎదుటే విప్పమనండి.