జియోనా, బీఎస్ఎన్ఎల్‌నా?

రేటు: 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ ఛార్జీలు పెంచాయి. బీఎస్ఎన్ఎల్ అప్పుడు పెంచలేదు. ఫోన్ వస్తే చాలనుకునేవాళ్లకు ఇదే చౌక.

డేటా: జియోలో రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకు 5జీ అన్‌లిమిటెడ్. ఫోనూ 5జీదే ఉండాలి, ఊళ్లో 5జీ సిగ్నలూ ఉండాలి. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ దేశమంతటా మొదలైందే 2025 సెప్టెంబర్‌లో.

పాత కీప్యాడ్ ఫోన్: ఇది 2జీ మీదే నడుస్తుంది. జియోకు 2జీ లేదు, అందుకే ఈ ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు.

సిగ్నల్: అసలు పంచాయితీ ఇక్కడే. నల్గొండ పట్టణంలో బాగుందని, మన్ననూరు దాటి నల్లమలలోనూ ఉంటుందనుకోవద్దు. కంపెనీల కవరేజీ మ్యాపు చూడండి, కానీ నాకైతే పక్కింటివాళ్ల సిమ్మే నమ్మకం. బోరు దగ్గర, లోపలి గదిలో దానితో ఓసారి మాట్లాడి చూస్తే తేలిపోతుంది.

సేవ: రెండింటికీ ఫిర్యాదు నంబరు 198. తేలకపోతే ఆ కంపెనీలోనే అప్పీలుకు వెళ్లొచ్చు. నంబరు మార్చకుండా కంపెనీ మారాలంటే 1900కు పోర్ట్ మెసేజ్ పంపాలి, పాత నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండి ఉండాలి.

కాలేజీ పిల్లలున్న మిర్యాలగూడ ఇంటికి జియో. కీప్యాడ్ ఫోన్ వదలని అవ్వకు బీఎస్ఎన్ఎల్. శ్రీశైలం రోడ్డు మీద బండి నడిపేవాళ్లు మాత్రం రెండు సిమ్‌లూ వేసుకోవాల్సిందే.