లాక్ తూము, ట్రిప్ తూము

ఈ.కోలై బ్యాక్టీరియాలో లాక్, ట్రిప్ అని రెండు ఒపెరాన్లున్నాయి, అంటే ఒకే మీట కింద కలిసి నడిచే జన్యువుల గుంపులు. మా కోనసీమ కాలువగట్టు భాషలో రెండూ తూములే. తలుపెత్తే పద్ధతే వేరు.

పాల చక్కెర లాక్టోజ్‌ను వాడుకునే జన్యువులున్న లాక్ తూము మామూలుగా మూసే ఉంటుంది. రిప్రెసర్ అనే అడ్డుకునే ప్రోటీన్, తూము కాసే లస్కరులా డీఎన్‌ఏ మీద కూర్చుని కదలదు. లాక్టోజ్ వస్తే, దాన్నుంచి పుట్టే అల్లోలాక్టోజ్ అతన్ని లేపేస్తుంది. అయినా గ్లూకోజ్ ఉన్నంతసేపూ పారకం సన్నగానే. జాకబ్, మోనోలు 1961లో ఈ రిప్రెసర్ సంగతి వివరించారు, 1965లో నోబెల్ అందుకున్నారు.

ట్రిప్‌ది తిరగేసిన వ్యవహారం. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే 5 జన్యువులు నడుస్తూనే ఉంటాయి. సరుకు నిండాక ఆ ట్రిప్టోఫానే రిప్రెసర్‌కు అతుక్కుని తలుపు దించేస్తుంది. చేను నిండితే బోదె కట్టేసినట్టు.

పాఠాల్లో పేరు మోగేది లాక్‌దే గానీ, నా లెక్కలో పనితనం ట్రిప్‌ది. దీనికి అటెన్యుయేషన్ అనే రెండో తలుపుంది. జన్యువుల నకలైన ఆర్‌ఎన్‌ఏ మొదట్లోనే రెండు ట్రిప్టోఫాన్ కోడాన్లు, అంటే ‘ఇక్కడ ట్రిప్టోఫాన్ పెట్టు’ అనే గుర్తులు, పక్కపక్కన ఉంటాయి. కొరతైతే ఆ గుర్తులు చదివి ప్రోటీన్ కట్టే రైబోజోమ్ అక్కడ ఆగిపోతుంది, దాని ముందు ఆర్‌ఎన్‌ఏ రాత సాగుతుంది. పుష్కలమైతే రైబోజోమ్ చకచకా దాటేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ మడతపడి రాత మధ్యలోనే తెగుతుంది. లాక్‌లో ఈ తెంపుడు లేదు.