అండమాన్‌లో దీవి నుంచి దీవికి: ప్రైవేటు ఫెర్రీయా, సర్కారు ఓడా?

పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్, అక్కణ్ణుంచి నీల్, నీల్ నుంచి తిరిగి పోర్ట్ బ్లెయిర్. ఇలా చుట్టి రావడమే మేలు. హేవ్‌లాక్ చూసి వెనక్కొచ్చి మళ్లీ నీల్‌కు బయల్దేరితే ఒక టికెట్టూ ఒక పూటా దండగ. బుక్ చేసేటప్పుడు పేర్లతో తికమక పడొద్దు: 2018 నుంచి హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది.

ప్రైవేటు ఫెర్రీ హేవ్‌లాక్‌కు సుమారు గంటన్నరలో చేరుస్తుంది. ఏసీ, నంబరు వేసిన సీటు, చాలా ముందుగానే ఆన్‌లైన్‌లో టికెట్. ఇబ్బందల్లా, చాలావాటిలో అద్దాలు బిగించిన హాల్లోంచి కదలనివ్వరు. ఉప్పునీళ్ల మరకలు పట్టిన అద్దంలోంచే సముద్రాన్ని చూడాలి. పైగా తేలికపాటి పడవ, వేగం ఎక్కువ. అల గట్టిగా ఉంటే ముందు భాగం ఎగిరి దబ్బున పడుతుంది. అందుకే ముందు వరుస సీటు తీసుకున్నవాళ్లకే వాంతులు ఎక్కువ. కింది అంతస్తులో, మధ్య నుంచి వెనక్కి ఉన్న సీటు అడగండి. కడుపు తిప్పే అలవాటుంటే మాత్ర ఎక్కాక కాదు, ఓ గంట ముందే వేసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ జాగ్రత్త అందరికీ అవసరమే.

సర్కారు ఓడకు రెండు, రెండున్నర గంటలు పడుతుంది. ఛార్జీ చాలా తక్కువ. డెక్ మీద నిలబడి గాలి పీలుస్తూ వెళ్లొచ్చు, ఆ సుఖం ఏ ఏసీలోనూ రాదు. కష్టమంతా టికెట్ దగ్గరే: కొద్ది రోజుల ముందు మాత్రమే ఇస్తారు, దీవుల్లో ఉండేవాళ్ల రోజువారీ రాకపోకలూ వీటిమీదే. కాబట్టి వెళ్లేటప్పుడు ప్రైవేటు ఖాయం చేసుకుని, నీల్ నుంచి వచ్చేటప్పుడు సర్కారు ఓడకు ప్రయత్నించడం మా సలహా. పోర్ట్ బ్లెయిర్‌లో ప్రైవేటువి హడ్డో జెట్టీలో, సర్కారువి ఫీనిక్స్ బే జెట్టీలో ఆగుతాయి. ఆటో ఎక్కేముందే టికెట్ మీద జెట్టీ పేరు చూసుకోండి. ఒరిజినల్ గుర్తింపు కార్డు చేతికందేలా ఉండాలి.

వాతావరణం బాగోకపోతే రెండు రకాలూ ఆగిపోతాయి. అందుకే విమానం ఉన్న రోజున ఫెర్రీ పెట్టుకోవద్దు. ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరి పడుకోండి.

హేవ్‌లాక్ జెట్టీ నుంచి రాధానగర్ బీచ్ దాదాపు 12 కిలోమీటర్లు. బస్సులు తక్కువ, అద్దె స్కూటరే నయం. శీతాకాలంలో సాయంత్రం ఐదుకే పొద్దు గూకుతుంది గనక సూర్యాస్తమయం చూడాలంటే నాలుగుకల్లా అక్కడుండాలి. నీల్ చిన్నదీ, చాలావరకు చదునైనదీ. సైకిల్ చాలు.