2.86 లక్షల ఎస్టిమేట్, రేణిగుంట రోడ్డు షెడ్డులో 20,850కి తేలిన పని

ముందే చెప్పేస్తాను, నేనేమీ కోటీశ్వరుణ్ణి కాదు. నా బండి 2009 మోడల్ జర్మన్ టూ-సీటర్, టాప్ మడిచేసుకునే రకం, రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిను, మాన్యువల్ గేర్లు. బెంగళూరులో ఒకాయన అమ్ముతుంటే కొత్త క్రెటా డబ్బులకి ఇది కొన్నాను. "నలుగురు కూర్చోని కారు కూడా ఒక కారేనా" అని మా అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంది. బ్రాండు పేరు రాయను, రాస్తే కింద నేను తిట్టబోయే సర్వీస్ సెంటర్ ఏదో తెలిసిపోతుంది.

సమస్య ఏమిటంటే, లీలామహల్ సర్కిల్ సిగ్నల్లో ఆగితే చాలు ఇంజిను వణికేది, బానెట్ కింద ఎక్కడో సన్నగా ఈల వినిపించేది. అలిపిరి దాటి ఘాట్ ఎక్కేటప్పుడు కాస్త గట్టిగా తొక్కితే దగ్గినట్టు రెండు మూడు కుదుపులు, ఆ వెంటనే చెక్ ఇంజిన్ లైటు. తిరుపతిలో ఈ బ్రాండుకి సర్వీస్ సెంటర్ లేదు కాబట్టి చెన్నై తీసుకెళ్లాను. బండి చూడ్డానికే 5,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 5,900 కట్టించుకున్నారు. రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఎస్టిమేట్ వచ్చింది: నాలుగు ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి పెట్రోలు చిమ్మేవి), థ్రాటిల్ బాడీ (ఇంజినులోకి వెళ్లే గాలిని అదుపు చేసేది), నాలుగు ఇగ్నిషన్ కాయిల్స్ (ప్లగ్గులు నిప్పురవ్వ కొట్టడానికి కరెంటిచ్చేవి), ఇంజిన్ మౌంట్లు, లేబర్, అన్నీ కలిపి 2,86,000. "ఇవన్నీ మార్చాక కూడా రాకపోతే ఇంజిను దించి చూడాలి సార్" అన్నాడు అడ్వైజర్, ఏసీ రూములో కాఫీ ఇచ్చి మరీ. అంటే మూడు లక్షలు పెట్టించి ఆ తర్వాత వెతకడం మొదలుపెడతారన్నమాట. బయట చేయిస్తే వారంటీ పోతుందని కూడా బెదిరించాడు. పదహారేళ్ల బండికి వారంటీ!

అక్కడినుంచి బండిని అలాగే దగ్గించుకుంటూ పుత్తూరు మీదుగా వెనక్కి తెచ్చేశాను.

రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డు ఉంది, బోర్డు కూడా సరిగా కనపడదు. అక్కడ ఎప్పుడు చూసినా కొండకి తిరిగే టాక్సీ ఇన్నోవాలే ఉంటాయి. మా ఆఫీసుకి కార్లు తిప్పే డ్రైవర్ చెప్పాడు, "ఆ షెడ్డు మెకానిక్ ఉండాడే, ఆయప్ప దగ్గరికి పో సార్, చెన్నైలో ఇట్లాంటి బండ్లమీద పన్నెండేళ్లు పనిచేసినాడు" అని. నమ్మకం లేకుండానే వెళ్లాను.

ఆయన మొదట స్కానర్ పెట్టాడు, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం అది. రెండు కోడ్‌లు, పీ0171, పీ0302. మొదటిదానికి అర్థం మిక్స్చర్ పలచగా ఉంది, అంటే పెట్రోలుకి తగినదానికన్నా గాలి ఎక్కువ వస్తోంది అని. రెండోదానికి రెండో సిలిండర్ మిస్ అవుతోంది, అంటే అందులో పెట్రోలు సరిగా మండట్లేదు అని. అంతే, ఇంజెక్టర్లు పోయాయని ఏ కోడూ చెప్పలేదు. తర్వాత లైవ్ డేటా తెరిచి నాకే చూపించాడు: ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిను తిరుగుతున్నప్పుడు, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ అదనంగా పోయిస్తున్న పెట్రోలు శాతం) +22, అదే 2,500 ఆర్‌పీఎంకి లేపితే +4. "చూడు సార్, ఇంజెక్టర్ జామ్ అయ్యుంటే బండి లాగేటప్పుడు ఇంకా ఎక్కువ అవల్ల. ఇది ఐడిల్లోనే ఎక్కువుండాది, యాడనో గాలి దూరతా ఉండాది" అన్నాడు. ఇంజిను ఆన్‌లో ఉండగానే ఆయిల్ మూత తిప్పాడు. మూత పట్టేసుకుని ఒక పట్టాన రాలేదు, లోపలినుంచి అంత గట్టిగా పీలుస్తోంది. వచ్చిన మరుక్షణం ఈల ఆగిపోయింది! మూత పెడితే మళ్లీ ఈల. పీసీవీ వాల్వులో, అంటే ఇంజిను అడుగున చేరే ఆవిర్లని మళ్లీ ఇంజినులోకే పంపే వాల్వులో, ఉండే రబ్బరు డయాఫ్రమ్ (పలచని పొర) చిరిగిపోయిందట. చేతి గుప్పిట్లో పట్టే రబ్బరు ముక్క, వేడికి ఏళ్లకేళ్లు ఉడికి చిరుగుతుంది, చిరిగాక ఇంజిను లెక్కలో లేని గాలిని లోపలికి పీలుస్తుంది.

రెండో కోడ్‌కి ఇంకా సులువైన పద్ధతి. రెండో సిలిండర్ కాయిల్ పీకి మూడోదానికి పెట్టాడు, మూడోది రెండోదానికి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కించాడు. దగ్గు వచ్చింది, లైటు వెలిగింది, స్కానర్‌లో ఈసారి పీ0303. లోపం కాయిల్‌తో పాటే కదిలింది, కాబట్టి పోయింది ఆ ఒక్క కాయిలే, మిగతా మూడూ బాగానే ఉన్నాయి. దీనికి ఖర్చు సున్నా, పట్టిన సమయం కిందా మీదా కలిపి గంటన్నర. అదీ ఎందుకంటే దిగువ ఘాట్‌లో నలభై నిమిషాల కన్నా ముందు దిగకూడదు కదా, స్పోర్ట్స్ కారుకైనా గోవిందా గోవిందా అనుకుంటూ మెల్లగా రావలసిందే.

సామాన్లు నన్నే తెచ్చుకోమన్నాడు, ఇది నాకు బాగా నచ్చింది. ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు చెన్నై జీపీ రోడ్డులోని షాపుకి పంపితే పార్ట్ నంబరు వాళ్లే తీసి చెప్పారు. కాయిల్ మీద కారు కంపెనీ లోగో ఉండదు, కానీ దాన్ని తయారుచేసేది కారు కంపెనీకి చేసిచ్చే బాష్ కంపెనీయే. లోగో ఉన్న డబ్బాకి ఎస్టిమేట్‌లో వేసిన ధర ఇంచుమించు మూడింతలు. బిల్లు ఇదీ: పీసీవీ 7,800, ఒక కాయిల్ 3,200, నాలుగు ప్లగ్గులు 3,600, హోసు, క్లిప్పులు 650, బ్రేక్ ఫ్లూయిడ్ 1,100, లేబర్ 4,500. మొత్తం 20,850. బ్రేక్ ఫ్లూయిడ్ నేను అడగలేదు, పాతదాన్ని సీసాలో పోసి చూపించాడు, కాఫీ డికాక్షన్‌లా ఉంది. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాలితే మరిగిపోయి పెడల్ మెత్తబడుతుంది. రోజూ ఆ పని చేసే టాక్సీలని చూసేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది.

ఇక తిట్లు. నాలుగు రోజులు అని పదకొండు రోజులు చేశాడు, మధ్యలో బ్రహ్మోత్సవాలు వచ్చి కుర్రాళ్లు సగం మంది మాయం. ఫోను మూడోసారికి గానీ ఎత్తడు, ఎత్తితే "రేపు సార్". సీటు మీద గ్రీజు వేలిముద్ర ఒకటి ఇంకా పోలేదు. నేను గట్టిగా అడిగితే గానీ బిల్లు కాగితం రాయలేదు, అది మాత్రం మీరు వదలకండి, రేపు అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించాలి. తాళం కోడింగ్, ఎయిర్‌బ్యాగ్ పనులు ముట్టుకోడు, వాటికి కంపెనీకే పొమ్మని తనే చెప్తాడు. ఏసీ రూము లేదు, కాఫీ లేదు, ఎదురుగా టీ బంకు ఉంది.

ఇంకో మాట, బయట మెకానిక్ దగ్గరికి వెళ్లడం ఏదో దొంగపని అన్నట్టు ఆ అడ్వైజర్లు మాట్లాడతారు కదా. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సరిగా జరిగేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది, బయట మెకానిక్‌లకి స్పేర్లు, స్కానింగ్ టూల్స్ అందకుండా చేస్తున్నారనే. కేసు తర్వాత అప్పీళ్లకి వెళ్లింది, అది వేరే కథ.

ఐదుకి నాలుగు స్టార్లు, ఒకటి ఆ పదకొండు రోజులకి కోత. పేరు, ఫోన్ నంబరు రాస్తానంటే ఆయనే వద్దన్నాడు, లైన్లో ఇప్పటికే ఆరు బండ్లున్నాయట. క్లచ్ కూడా మార్చేయమని అడిగాను. తొక్కి చూసి, ఘాట్‌లో జారితే అప్పుడు రమ్మని పంపించేశాడు. ఇంకా జారలేదు.