మోంజా స్ట్రెయిట్‌లో పోయిన 9 కిలోమీటర్లు: మూడేళ్ల వాడకం తర్వాత నా స్టీరింగ్ సెట్

కార్ రేసు వీడియో గేములు ఆడేందుకు ఈ స్టీరింగ్, పెడల్స్ కొని మూడేళ్లు దాటింది. బటన్లు ఎన్ని, ఎన్ని డిగ్రీలు తిరుగుతుంది అన్నవి పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నది ఒక్కటే. ఫార్ములా వన్ గేమ్‌లో కార్ సెటప్ పేజీ అనేదొకటి ఉంటుంది, వింగులు, బ్రేకుల లాంటివి మనకు నచ్చినట్టు సర్దుకునే చోటు. ఆ పేజీ మీద నాకు ఇంత ప్రేమ కలిగింది ఈ స్టీరింగ్ వల్లే.

వెనక వింగ్ అంటే గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమే రెక్క; పెంచితే మలుపుల్లో పట్టు, తగ్గిస్తే స్ట్రెయిట్‌లో వేగం. జాయ్‌స్టిక్‌తో ఆడిన రోజుల్లో దాన్ని పెంచినా తగ్గించినా నాకు తేడా తెలిసేది కాదు. ఇప్పుడు రెండు మెట్లు తగ్గిస్తే చాలు, ఇటలీలోని మోంజా ట్రాక్ చివరి మలుపు పరబోలికాలో స్టీరింగ్ ఎదురు లాగుతుంది. వెనక టైర్లు జారబోతున్నాయని కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది.

అక్కడి నుంచి రేసులు చూసే తీరే మారిపోయింది. మోంజా లాప్ 5.793 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం ఫుల్ యాక్సిలరేటరే. అందుకే అక్కడ అన్ని టీములూ పలచటి వింగులతో వస్తాయి. అదే సెటప్‌తో 3.337 కిలోమీటర్ల మొనాకోకి వెళ్లాను. మొదటి మలుపులోనే గోడకు కొట్టాను. అక్కడ వింగ్ ఎంత నిలబెడితే అంత మంచిది, స్ట్రెయిట్‌లో పోయే వేగం గురించి బెంగే అక్కర్లేదు.

2024 మొనాకో రేసు చూసి నేనూ అందరిలాగే విసుక్కున్నాను. మొదటి లాప్‌లోనే ప్రమాదం, రెడ్ ఫ్లాగ్ చూపి రేసు ఆపేశారు. ఆ విరామంలో టైర్లు మార్చేసుకున్నారు. ముందు బయల్దేరిన పది మంది అదే వరుసలో ముగించారు. కానీ ఆ వీధుల్లో 78 లాప్‌లు నేనే నడిపి చూశాక డ్రైవర్లను తిట్టడం మానేశాను. పక్కన ఇంకో కారు పట్టని చోట సెటప్ ఎంత గొప్పదైనా దాని పని రేసులో ఎవరు ఏ వరుసలో బయల్దేరాలో తేల్చే శనివారం క్వాలిఫయింగ్‌తో దాదాపు అయిపోతుంది. క్వాలిఫయింగ్ మొదలయ్యాక సెటప్‌ను పెద్దగా ముట్టుకోనివ్వరు కూడా.

1971లో మోంజాలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. వేగం తగ్గించడానికి పెట్టే మెలికలు, అంటే చికేన్లు, లేవు, ముందు కారు చాటున గాలి తప్పించుకుంటూ గుంపుగా వచ్చారు. మొదటి ఐదుగురి మధ్య తేడా 0.61 సెకన్లు. బ్రిటిష్ డ్రైవర్ పీటర్ గెథిన్ 0.01 సెకనుతో గెలిచాడు. మరుసటి ఏడాదే అక్కడ చికేన్లు పెట్టారు, ఆ గుంపు రేసులు పోయాయి. ట్రాక్‌లో నాలుగు మలుపులు కలిపితే రేసు స్వభావమే మారిపోతుందని నాకు అలా అర్థమైంది.

ఇక అసలు కథ. కిందటి వేసవిలో మోంజా స్ట్రెయిట్‌లో నా టాప్ స్పీడ్ పడిపోవడం మొదలైంది. మొదట గంటకు 4 కిలోమీటర్లు, తర్వాత 9. వింగ్ ఎక్కువైందేమో అనుకుని తగ్గించాను. స్పీడ్ కాస్త వచ్చింది, కానీ అక్కడి లెస్మో మలుపుల్లో కారు నిలవడం మానేసింది. దాన్ని సరిచేయడానికి డిఫరెన్షియల్, సస్పెన్షన్, ముందు వెనక చక్రాల మధ్య బ్రేక్ పంపకం (బ్రేక్ బయాస్) అన్నీ మార్చాను. మూడు వారాలు రాత్రి పది నుంచి పన్నెండు దాకా ఇదే పని. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

ఒక రాత్రి రీప్లే చూస్తుంటే స్క్రీన్ మూలన బ్రేక్ గీత కనిపించింది. నా కాలు పెడల్ మీద లేదు, అయినా ఆ గీత అడుగున సన్నగా ఎర్రగా మినుకుమంటోంది. అంటే స్ట్రెయిట్ పొడుగునా కారు కొద్దికొద్దిగా బ్రేక్ వేసుకుంటూనే ఉంది!

వారంటీ అయిపోయి రెండు నెలలైంది. కంపెనీవాళ్లు పెడల్స్ మొత్తం మార్చుకోమన్నారు, విడి భాగం ఇచ్చేది లేదన్నారు. ఆ జవాబు నాకింకా మింగుడుపడలేదు. చివరికి విజయనగరం గంటస్తంభం దగ్గర టీవీలు, మిక్సీలు బాగుచేసే బాబాయ్ దగ్గరకు సంచిలో వేసుకుని తీసుకెళ్లాను. ఆయన అడుగు రేకు విప్పి, గోరంత భాగాన్ని స్క్రూడ్రైవర్‌తో చూపించాడు.

"పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమంటాది చూడు బాబూ, అదే జబ్బు దీనిక్కూడాను. లోపల దుమ్ము."

స్ప్రే కొట్టి, ఇరవై ముప్ఫై సార్లు అటూ ఇటూ తిప్పి బిగించాడు. ఆ రాత్రి పోయిన 9 కిలోమీటర్లూ తిరిగొచ్చాయి. తగ్గించిన వింగ్‌ను మళ్లీ పెంచితే లెస్మోలో కారు పట్టాల మీద నడిచినట్టు నిలబడింది. మా ఆవిణ్ని నిద్ర లేపి మరీ చూపించాను.

కొన్న కొత్తలో గేమ్ తనంతట ఇచ్చే డీఫాల్ట్ సెటప్ దండగ, ఎవరిది వాళ్లే చేసుకోవాలి అని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకుంటున్నాను. మొదటి రోజే డీఫాల్ట్‌కి వెళ్లి టాప్ స్పీడ్ చూసుకుని ఉంటే, అది కూడా తగ్గిందని తెలిసేది, లోపం కారులో కాదు పెడల్‌లో ఉందని అప్పుడే బయటపడేది. స్టీరింగ్ కుదుపు అద్భుతం అని కూడా అన్నాను. ఇప్పటికీ అద్భుతమే, కాకపోతే అర్ధరాత్రి దాని కటకట పక్క గదిలోకి వినిపిస్తుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఆలోచించండి.

నాకు మా నాన్న చేయించిన టేకు బల్ల ఉంది, కదలదు. రాత్రి రెండు గంటలు ఎవరూ పిలవరు. ఈ రెండూ ఉన్నాయి కాబట్టి నాకు గిట్టుబాటైంది. అద్దింట్లో ప్లాస్టిక్ టేబుల్‌కి బిగించి ఆడాలంటే ఇదే ఆనందం దొరుకుతుందో లేదో చెప్పలేను. రేసులు చూడటమే తప్ప వింగులు, మెట్లు పట్టించుకోని వాళ్లకైతే జాయ్‌స్టిక్ సరిపోతుంది. కొనుక్కుంటే మాత్రం మూలనుండే ఆ బ్రేక్ గీతను అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. బాబాయ్ బాగుచేశాక నా దాంట్లో అది ఇంతవరకు మళ్లీ మినుకుమనలేదు.