ఓమ్‌మీటర్ రీడింగా, వోల్టేజి–కరెంటు లెక్కా: ఏది మేలు?

ఒక బల్బో, హీటర్ కాయిలో ఎంత పవర్ తీసుకుంటుందో తెలుసుకోవాలంటే రెండు దారులున్నాయి. సప్లై ఆపి, మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి రెసిస్టెన్స్ చూసి, వోల్టేజి వర్గాన్ని దానితో భాగించి పవర్ లెక్క వేయడం మొదటిది. అది నడుస్తుండగానే దాని కొసల మధ్య వోల్టేజినీ, అందులో పారే కరెంటునూ కొలవడం రెండోది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్. మొదటిది సులువు కాబట్టి చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ పవర్ ఎంతో తెలియాలంటే రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం.

230 వోల్టుల, 60 వాట్ల ఫిలమెంట్ బల్బునే తీసుకోండి. వెలుగుతున్నప్పుడు అది సుమారు 0.26 ఆంపియర్లు తీసుకుంటుంది. 230ని 0.26తో భాగిస్తే రమారమి 880 ఓమ్‌లు. అదే బల్బును ఆర్పి, చల్లారనిచ్చి, ప్రోబులు ఆనిస్తే మీటర్ చూపేది 60–70 ఓమ్‌లే. ఆ 65ను నమ్మి 230 వర్గాన్ని 65తో భాగిస్తే 814 వాట్లు వస్తాయి. 60 వాట్ల బల్బుకు 814 వాట్లా! మీటర్ తప్పు చెప్పలేదు. చల్లని టంగ్‌స్టన్ తీగ రెసిస్టెన్స్ నిజంగా అంతే. వెలిగేటప్పుడు తీగ రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటి కాగుతుంది, దాంతో రెసిస్టెన్స్ పది రెట్లకు పైగా పెరుగుతుంది. స్విచ్ వేసిన తొలి క్షణంలో మాత్రం చల్లని రెసిస్టెన్స్‌కు తగ్గ పెద్ద కరెంటు పారుతుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేయగానే మాడిపోయేది అందుకే.

నిజానికి ఓమ్‌మీటర్ లోపల జరిగేదీ ఇదే లెక్క. తన బ్యాటరీ నుంచి చిన్న కరెంటు పంపి, వచ్చిన వోల్టేజిని చూసి భాగిస్తుంది. కాకపోతే ఆ కరెంటుకు వస్తువు వేడెక్కదు. ఓమ్ సూత్రం ఉష్ణోగ్రత మారనంత వరకే సరళంగా నడుస్తుంది కదా, అందుకే ఏ స్థితిలో కొలిచామన్నదే అసలు ప్రశ్న.

ఈ తేడా అన్నిచోట్లా ఇంత ఉండదు. హీటర్లలో వాడే నైక్రోమ్ (నికెల్–క్రోమియం మిశ్రమ లోహం) కాయిల్ వేడెక్కినా రెసిస్టెన్స్ కొద్ది శాతమే మారుతుంది. 230 వోల్టుల దగ్గర 1000 వాట్లిచ్చే కాయిల్ దాదాపు 53 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు చూసినా అంచనా పెద్దగా తప్పదు. కాయిల్ తెగిందా, ఫ్యూజు పోయిందా, వైరు ఎక్కడైనా విడిపోయిందా అని వెతికేటప్పుడైతే ఓమ్‌మీటర్‌ను మించింది లేదు. అప్పుడు సప్లై ఇవ్వాల్సిన పనే లేదు, ఇవ్వకూడదు కూడా.

మరీ చిన్న రెసిస్టెన్స్‌లకు వస్తే ఓమ్‌మీటర్ చేతులెత్తేస్తుంది. దాని ప్రోబుల వైర్లకే, అంటే లీడ్‌లకే 0.2, 0.3 ఓమ్‌లు ఉంటాయి, ఇక కరెంటు కొలవడానికి వాడే 0.1 ఓమ్ రెసిస్టర్, అంటే షంట్‌ను ఎలా కొలుస్తుంది? ఆ షంట్‌లోంచి 2 ఆంపియర్లు పంపి, సరిగ్గా దాని కొసల మీదే వోల్టేజి చూస్తే 0.2 వోల్టులు. భాగిస్తే 0.1 ఓమ్. వోల్ట్‌మీటర్ లీడ్‌లలో కరెంటు దాదాపు పారదు కాబట్టి వాటి రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు.

ఇక పవర్‌కున్న మూడు సూత్రాల సంగతి. వోల్టేజి ఇంటూ కరెంటు, కరెంటు వర్గం ఇంటూ రెసిస్టెన్స్, వోల్టేజి వర్గం బై రెసిస్టెన్స్. మూడూ ఒకటేనని చదువుకుంటాం, కానీ చేతిలోకి తీసుకోవాల్సింది ముందు మొదటిదాన్నే. రెసిస్టెన్స్ స్థిరంగా ఉంటుందన్న ఊహ దానికి అక్కర్లేదు. 2 వోల్టుల దగ్గర 20 మిల్లీఆంపియర్లు తీసుకునే ఎర్ర ఎల్ఈడీకి స్థిరమైన రెసిస్టెన్స్ అంటూ లేదు, అయినా 40 మిల్లీవాట్లన్న లెక్క తప్పదు.

వైర్లలో వృథా అయ్యే వేడికి మాత్రం కరెంటు వర్గం సూత్రమే సరైనది. 0.5 ఓమ్ కేబుల్‌లో 10 ఆంపియర్లు పారితే 50 వాట్లు, 20 పారితే 200 వాట్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే 230 వర్గాన్ని 0.5తో భాగించి లక్షా ఐదు వేల ఎనిమిది వందల వాట్లు తేల్చేస్తారు. 230 వోల్టులు కేబుల్ మీద పడటం లేదు. 10 ఆంపియర్ల దగ్గర దాని మీద పడేది 5 వోల్టులే. ఏ వస్తువు పవర్ లెక్కిస్తున్నామో ఆ వస్తువు కొసల మధ్య వోల్టేజే వేయాలి. మూడో సూత్రం మెరిసేది సప్లై తగ్గినప్పుడు. వోల్టేజి 230 నుంచి 207కు పడితే, అంటే పదో వంతు తగ్గితే, హీటర్ పవర్ 1000 నుంచి 810 వాట్లకు దిగుతుంది.

మోటారు దగ్గర రెండు దారులూ చాలవు. వైండింగ్ 10 ఓమ్‌లు చూపిందని 23 ఆంపియర్లు పారుతుందనుకోకూడదు. తిరిగే మోటారు ఎదురు వోల్టేజి పుట్టిస్తుంది, ఏసీలో వైండింగ్ ఇండక్టెన్స్ (మారే కరెంటును ఎదిరించే గుణం) కూడా కరెంటును అడ్డుకుంటుంది. 230 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకుంటే 460 వోల్ట్–ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్, అంటే ఆ గుణకారంలో నిజంగా పవర్‌గా మారే భాగం, 0.8 అయితే అసలు పవర్ 368 వాట్లే. అక్కడ వాట్‌మీటర్ పెట్టడమే ఉత్తమం.

మెయిన్స్ మీద కరెంటు కొలవడానికి వైరు విప్పి అమ్మీటర్ కలపడం కంటే, వైరు చుట్టూ దవడ వేసి కొలిచే క్లాంప్ మీటర్ ఎంతో మేలు. ఒక్క వైరు చుట్టూనే వేయాలి. రెండు వైర్లనూ కలిపి పడితే పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. కరెంటు మరీ తక్కువైతే, సప్లై ఆపి, ఆ ఇన్సులేటెడ్ వైరునే క్లాంప్ దవడ చుట్టూ పది చుట్లు తిప్పి, మళ్లీ సప్లై ఇచ్చి, వచ్చిన రీడింగ్‌ను పదితో భాగించండి.