దుప్పటి పట్టుకుని రెండు రోజులు

మోకాళ్లు అరిగినవాళ్లు గాయపడినవాళ్లనేం మోస్తారని మా ఆవిడ నవ్వింది. గాయపడినవాళ్లను ఎలా కదపాలో, ఎలా మోయాలో నేర్పేందుకు విశాఖలో మా కాలనీ విశ్రాంత ఉద్యోగుల సంఘం కుదిర్చిన రెండు రోజుల శిక్షణ ఇది. మనిషికి 500 రూపాయలు కట్టి 22 మందిమి వెళ్లాం. అందరం అరవై దాటినవాళ్లమే.

మొదటి గంట ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఎప్పుడు కదపకూడదో ముందు తెలుసుకోమన్నారు. మంటో, వరద నీరో, కూలబోయే గోడో ఉంటే తప్ప, మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్న మనిషిని పడినచోటే ఉంచాలట. 108కి ఫోను చేసి, తల అటూ ఇటూ కదలకుండా పట్టుకుని కూర్చోవాలట. 2014లో హుద్‌హుద్ తుపాను రోజు మా మెట్ల మీద జారిపడిన పొరుగాయనను నేనూ ఇంకొకరూ కాళ్లూ చేతులూ పట్టుకుని బియ్యం మూటలా ఇంట్లోకి చేర్చాం. ఆయన అదృష్టం, బెణుకుతో పోయింది. ఆ సంగతి క్లాసులో పైకి చెప్పలేదు.

అసలు పాఠం దుప్పటితోనే. ఒకరు తల దగ్గర, ముగ్గురు ఒక పక్కన మోకాళ్ల మీద కూర్చుని మనిషిని దుంగలా ఒక్కసారిగా పక్కకు దొర్లిస్తారు. సగం దాకా మడతలు పెట్టిన దుప్పటిని వీపు వెనక చేర్చి, వెల్లకిలా దించి, అవతలి వైపు నుంచి మడతలు లాగుతారు. తల దగ్గరున్నవాళ్ల మాటే చెల్లుతుంది. మా జట్టులో ఆ పని రిటైరైన తెలుగు పండితురాలిది, రోగి పాత్ర నాది. ఆమె "ఒకటి, రెండు, మూడు" అన్నారు. నడుము పట్టుకున్నాయన "మూడు" వినగానే తిప్పేశారు, భుజం పట్టుకున్నాయన "మూడు" అయ్యాక తిప్పుదామని ఆగారు. మధ్యలో నేను పిండిన తువ్వాలులా మెలితిరిగాను. శిక్షకుడు అప్పుడే ఆపించి, లెక్క తర్వాత "తిప్పండి" అన్నాకే కదలాలని ముందే చెప్పుకోమన్నారు. నాలుగోసారికి కుదిరింది. తర్వాత తలవైపు దుప్పటి అంచులు చుట్టి పట్టుకుని, 74 కిలోల నన్ను ఇద్దరు పెద్దమ్మలు గచ్చు మీద గుమ్మం దాకా లాగేశారు!

మెట్లమీద కుర్చీతో దించడం మాత్రం తేలిపోయింది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. దాని కాళ్లు వంగుతుంటే ఎవరు కూర్చుంటారు? ఇచ్చిన పుస్తకమంతా ఇంగ్లీషులోనే ఉంది. ఉప్మా చల్లారిపోయింది, దాన్ని క్షమించవచ్చు. క్షమించలేనిది వేరే ఉంది. బీపీ, నడుంనొప్పి, ఆపరేషన్ల గురించి ముందుగా ఎవరినీ అడగలేదు. డిస్కు నొప్పి ఉన్న ఒకాయన ఉత్సాహంగా బరువెత్తి, రెండో రోజంతా కుర్చీలో కూర్చుని చూశారు. వయసు మళ్లినవాళ్లకు నేర్పేవాళ్లు మొదట అడగాల్సిన మాట అది. అందుకే ఈ శిక్షణకు ఐదుకు నాలుగు మార్కులే.

తర్వాతి బ్యాచ్‌కు వెళ్లేవాళ్లు మోకాళ్ల కింద వేసుకోవడానికి మందపాటి తువ్వాలు తీసుకెళ్లండి. చీరతో వంగి పని చేయడం కష్టమని మా పండితురాలు రెండో రోజు చుడీదార్‌లో వచ్చారు.